డబ్బా చేపలో ఏముంది

ఆశన్న పదకొండేళ్లు మస్కట్‌ దగ్గర రోడ్డు పనుల క్యాంపులో ఉండి, 2001 ఎండాకాలంలో రెంజల్‌కు తిరిగి వచ్చాడు. వస్తూ వస్తూ రెండు అట్టపెట్టెల నిండా చేప డబ్బాలు తెచ్చుకున్నాడు. ఎడారిలో కూరగాయల బండి రాని రోజుల్లో అతని కడుపు నింపింది ఆ చేపే. తిని తిని నాలుకకు అలవాటైపోయింది. ఊళ్లో జనం నవ్వారు. "గోదారి పక్కన పెట్టుకొని డబ్బల చేప తింటడట" అన్నారు. అతను పట్టించుకోలేదు.

ఆ ఇంట్లో డబ్బా చేప తినేది ఆశన్న ఒక్కడే. భార్య విమలకు ఆ వాసన గిట్టదు. ఆడపిల్లలిద్దరూ తల్లిని చూసి ముట్టలేదు. ఉల్లిగడ్డలు వేయించి, చింతపులుసు పోసి, ఆ చేపను అతనికి నచ్చేటట్టు వండేది అక్క హన్మవ్వ.

హన్మవ్వకు నలభై ఆరేళ్లు. ఆమె భర్త బోధన్ షుగర్ ఫ్యాక్టరీలో చెరకు తూకం దగ్గర పనిచేస్తూ చనిపోయాడు. పిల్లలు లేరు. తమ్ముడు మస్కట్ పోయిన ఏడే మరదలికి తోడుగా రెంజల్ వచ్చి అక్కడే ఉండిపోయింది. పొద్దంతా చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుట్టేది. పొద్దు గూకే వేళకు పొయ్యి దగ్గరికి వచ్చేది. పదకొండేళ్లు ఆ ఇంట్లో అందరూ ఆమె చేతి వంటే తిన్నారు. ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు.

మస్కట్ డబ్బాలు ఏడాదిన్నరకు ఒడిసిపోయాయి. 2002 చలికాలంలో ఆశన్న పని మీద నిజామాబాద్ పోయి, బస్టాండు వెనక దుబాయి సామాను అమ్మే దుకాణంలో రెండు డబ్బాలు కొనుక్కొచ్చాడు. మస్కట్‌వి దొరికాయి కాని ఒక్కోటి తొంభై రూపాయలన్నారు. ఇవి ముప్పై ఎనిమిదికే ఇచ్చారు. బొమ్మ మీద చేప అదే, డబ్బా కూడా అంతే ఉంది.

మొదటి డబ్బా తిన్న రాత్రి అతనికి ఒళ్లంతా దురద పెట్టింది. చేతుల మీద దద్దులు లేచాయి. పొలంలో ఏదో పురుగు పారి ఉంటుందని కొబ్బరినూనె రాసుకొని పడుకున్నాడు. నాలుగు రోజుల తర్వాత రెండో డబ్బా తిన్నాడు. కంచం ముందునుంచి లేవకముందే పెదవులు వాచాయి. కండ్లు మూసుకుపోయాయి. మాట్లాడబోతే గొంతులోంచి ఈల వచ్చింది. విమల కేకలు వేసింది. పక్కింటి వాళ్ల ఆటోలో బోధన్ ప్రైవేటు దవాఖానకు తీసుకుపోయారు. డాక్టరు రెండు సూదులు ఇచ్చి, అర్ధగంట పక్కనే నిలబడ్డాడు. శ్వాస నెమ్మదించాక, "తిన్నదేదో పడలేదు. ఇంకో పావుగంట ఆలస్యమైతే కష్టమయ్యేది. చేప బంద్ పెట్టు" అన్నాడు.

అది అక్కడితో ఆగిపోయేదే. కాని పదిహేను రోజుల తర్వాత కందకుర్తి నుంచి బావమరిది పెద్ద చేప తెచ్చాడు. విమల వద్దంటున్నా ఆశన్న ఆగలేక తిన్నాడు. వండింది విమలే. అతనికి ఏమీ కాలేదు. మరునాడు మిగిలిన పులుసు కూడా తిన్నాడు. అప్పుడూ ఏమీ కాలేదు.

"అయితే చేపకు కాదు," అంది ఎదురింటి భూమవ్వ. వాకిట్లో విమల పక్కన కూర్చొని, గొంతు తగ్గించి అంది. కాని గోడ ఇవతల ఆకు కత్తిరిస్తున్న హన్మవ్వకు వినిపించేంతే తగ్గించింది. "చేపది కాదంటే మరి చేతిదే గదనే. డబ్బలది తింటేనే అయితున్నది. డబ్బలది వండేది ఎవలు?"

ఆ సాయంత్రం హన్మవ్వ పొయ్యి దగ్గరికి పోయేసరికి అక్కడ విమల కూర్చొని ఉంది.

"నేను వండుత వదినె. నువ్వు బీడీలు జూసుకో."

మరునాడు తాగేనీళ్ల బిందె వంటింట్లోంచి విమల పడుకునే అర్రలోకి పోయింది. ఉప్పు డబ్బా, కారం డబ్బా దాని వెనకాలే పోయాయి. పిల్లలు అత్త పక్కన పడుకోవడం మానేశారు. ఎందుకు మానేశారో ఎవరూ చెప్పలేదు. హన్మవ్వకు విడిగా కంచంలో అన్నం పెట్టి ఇచ్చేవారు. ఆమె కంచం కడగబోతే, "ఆడ పెట్టు వదినె, నేను కడుగుత" అనేది విమల.

ఊళ్లో మాట మరో తీరుగా పాకింది. ఆశన్న ఆడపిల్లల చదువు కోసం నిజామాబాద్‌లో ఇల్లు చూస్తున్నాడు. హన్మవ్వ అది వద్దంది. భూమి వదిలి పోతే తిరిగి రాలేమని రెండుసార్లు గట్టిగానే అంది. అది అందరూ విన్నారు. ఇప్పుడు జనం దాన్ని దీనికి కలిపారు. తమ్ముడు తనను వదిలిపోకుండా హన్మవ్వ మందు పెట్టిందని, కట్టిపడేసే మందు కాస్త ఎక్కువ పడి ప్రాణం మీదికి వచ్చిందని చెప్పుకున్నారు. హన్మవ్వ నీళ్లకు బోరింగ్ దగ్గరికి పోతే ఆడవాళ్లు బిందెలు పక్కకు జరిపేవారు.

సంక్రాంతి దాటాక విమల భర్తను నది అవతలి ఊరికి తీసుకుపోయింది. అక్కడ మందు కక్కించేవాడు ఒకడున్నాడని భూమవ్వే చెప్పింది. వాడు ఆశన్నకు ఏదో పసరు తాగించి కక్కించాడు. కక్కినదాంట్లో వేళ్లు పెట్టి నల్లటి ముద్ద ఒకటి తీసి చూపించాడు. దానికి వెంట్రుకలు చుట్టి ఉన్నాయి.

తిరిగి వచ్చిన విమల ఆ ముద్దను కాగితంలో చుట్టి తెచ్చింది. హన్మవ్వ ముందు విప్పి పెట్టింది.

"ఇదేంది వదినె?"

హన్మవ్వ దాన్ని చూసింది. కొంగు తీసి తల ముందుకు వంచింది. "నా తల సూడు విమలా. ఒక్కటన్న నల్ల ఎంటిక ఉన్నదా? గా ముద్దకున్నయి నల్లయి. నావైతే తెల్లగ ఉండాలె గద."

విమల తల చూసింది, ముద్దను చూసింది. "మందు తయారు జేసేటోని ఎంటికలు కావచ్చు" అంది.

హన్మవ్వ కొంగు మళ్లీ కప్పుకుంది. మంచం మీద పడుకున్న తమ్ముడి వైపు తిరిగింది. కక్కి కక్కి అతని ముఖం పీక్కుపోయి ఉంది.

"నువ్వు గూడ నమ్ముతున్నవా తమ్మీ?"

ఆశన్న పైకప్పు వైపు చూస్తూ పడుకున్నాడు. "నాకేం తెల్వదక్క. గొంతు మూసుకపోయింది నాది. గంతే తెలుసు" అన్నాడు.

విమల అన్న మాటలకంటే ఆ మాటకే హన్మవ్వ ఎక్కువ కుంగిపోయింది. ఆ రాత్రి నిద్ర పట్టక ఒకటే ఆలోచించింది. తన చేయి మారలేదు. ఉల్లిగడ్డ మారలేదు, చింతపండు మారలేదు. మారింది డబ్బా ఒక్కటే. మస్కట్‌ది అయిపోయి నిజామాబాద్‌ది వచ్చింది. ఆ నిజామాబాద్ దుకాణం వాడే ఏదన్నా కలిపాడా? కుళ్లినవి తెచ్చి కొత్త కాగితం అంటించాడా?

తెల్లవారి పెంట మీద వెతికితే రెండో డబ్బా దొరికింది. వానలు లేవు కాబట్టి కాగితం చెడలేదు, దాని మీది ధర చీటీ ఒక్కటే ఎండకు ఊడిపోయింది. మస్కట్ డబ్బా ఒకటి ఆమె దగ్గరే ఉంది. దాంట్లో బీడీ దారం పెట్టుకునేది. రెండూ గుడ్డలో చుట్టి బీడీల గంప అడుగున పెట్టుకుంది. బోధన్‌లో బీడీలు అప్పజెప్పి వస్తానని బస్సెక్కింది.

మొదట మందుల దుకాణంలో చూపించింది. దుకాణం అతను డబ్బా అడుగున గుద్దిన అంకెలు చదివి, "ఇంకో ఏడాది దాక మంచిగుంటదమ్మా. పాతది కాదు" అన్నాడు. హన్మవ్వ నమ్మలేదు. వాళ్లూ వాళ్లూ వ్యాపారస్థులే కదా అనుకుంది. అక్కడినుంచి లక్ష్మీరాజం సారు ఇంటికి పోయింది.

లక్ష్మీరాజం ఫ్యాక్టరీ ల్యాబులో ఇరవై ఆరేళ్లు చెరకు రసం పరీక్షించి, కిందటి ఏడు రిటైర్మెంటు తీసుకున్నాడు. హన్మవ్వ భర్త బతికి ఉండగా ఇద్దరికీ మంచి పరిచయం. ఆయన కళ్లద్దాలు పెట్టుకొని రెండు డబ్బాలూ ఎండలోకి తెచ్చి పక్కపక్కన పెట్టాడు. సన్నటి అక్షరాల మీద వేలు పోనిస్తూ చదివాడు. ఒకసారి చదివి, లోపలికి పోయి భూతద్దం తెచ్చి మళ్లీ చదివాడు.

"మీ మస్కట్ దాంట్ల మూడే ఉన్నయి హన్మవ్వా. చేప, నీళ్లు, ఉప్పు. ఈ రెండో దాంట్ల చేప, నీళ్లు, కూరగాయల రసం, ఉప్పు, ఇంకేదో రుచి కోసం వేసే పొడి. ఆ రసంల సోయా ఉందని రాసిండ్రు."

"సోయా అంటే మన చేన్ల సోయానా?"

"అదే. నీళ్లలో చేప బరువు కనపడాలని, రుచి రావాలని కలుపుతరు. విషం కాదు. అందరు తింటరు, ఏం కాదు." ఆయన డబ్బా కింద పెట్టి ఆమెను చూశాడు. "మీ తమ్మునికి డబ్బా చేప తిన్నప్పుడు కాకుంట ఇంకెప్పుడన్న ఇట్లయిందా? మంచిగ యాది చేసుకో."

హన్మవ్వ యాది చేసుకుంది. అతను గల్ఫ్ పోయినప్పుడు రెంజల్ చేలల్లో చెరకు, వరి ఉండేవి. సోయా లేదు. తిరిగి వచ్చిన మొదటి దసరా ముందు సోయా నూర్పిడి మిషను పెట్టించాడు. ఆ దుమ్ములో నిలబడ్డ రెండు గంటలకు ముక్కు కారింది, మెడ మీద దద్దులు లేచాయి, ఆయాసం వచ్చింది. దుమ్ము పడలేదని అందరూ అనుకున్నారు. మరుసటి పంటకు అతను కూలోళ్లను పెట్టి దూరంగా ఉన్నాడు.

అది చెప్తే లక్ష్మీరాజం తల ఊపాడు. "నేను డాక్టరును కాదు. కచ్చితంగా చెప్పలేను. కాని నా అనుమానం దాని మీదనే."

హన్మవ్వకు ఆయన మీద కూడా నమ్మకం కుదరలేదు. మండలమంతా పండించే గింజ ఒక్క మనిషిని చంపబోతుందా? ఇది ఇంటికి పోయి చెప్తే భూమవ్వ పగలబడి నవ్వుతుంది. "సారూ, గిది నేను చెప్తె ఎవలు నమ్మరు" అంది.

"చెప్పకు. చూపియ్యి. మూడే ఉన్న డబ్బా వెతుకు. అది తిని ఏం కాకపోతె కొంతన్న తెలుస్తది. సోయాది మాత్రం పరీక్షకని గూడ మల్ల పెట్టకున్రి. ప్రాణం పోతది."

"ఇంగ్లీషు నాకేడ వస్తది?"

ఆయన ఒక కాగితం మీద సోయా అని ఇంగ్లీషులో నాలుగు పెద్ద అక్షరాలు రాశాడు. వాటిని ఎట్లా గుర్తుపెట్టుకోవాలో చెప్పాడు. ముందు మెలిక తిరిగిన పాము. తర్వాత గుండు సున్న. తర్వాత పిట్టలు కొట్టే, రెండు పంగలున్న గులేరు కట్టె. చివరన మధ్యలో ఒకే మెట్టున్న నిచ్చెన. "నిచ్చెన ఒకసారి ఉంటది, ఒకసారి ఉండదు. ముందటి మూడు కనపడితే చాలు, పక్కన పెట్టెయ్. ఇంకో ముచ్చట. పేర్ల మధ్యల కామాలుంటయి. రెండుకంటె ఎక్కువ కామాలుంటే అది గూడ వద్దు."

ఆమె ఆ కాగితాన్ని రవికలో దాచుకుంది.

వారం తర్వాత నిజామాబాద్ పోయింది. బస్టాండు వెనక ఆ దుకాణం వెతుక్కోవడం కష్టం కాలేదు. అద్దాల బీరువాల నిండా సబ్బులు, అత్తరు సీసాలు, పాలపొడి డబ్బాలు ఉన్నాయి. చేప డబ్బాల్లో మస్కట్‌వి ఒక్కటీ కనపడలేదు. గల్లా దగ్గర దుకాణందారు ముత్యం కూర్చొని ఉన్నాడు. పాత చీర కట్టుకున్న ఆడమనిషి చేప డబ్బాల అర ముందు నిలబడి, ఒక్కో డబ్బా తీసి, తిప్పి, రవికలోంచి కాగితం తీసి పోల్చి, కింద పెడుతుంటే అతను కొంతసేపు ఊరుకున్నాడు. నాలుగో డబ్బాకు లేచి వచ్చాడు.

"ఏం జూస్తున్నవమ్మా? ఎవలు పంపిండ్రు నిన్ను?"

"ఎవలు పంపలే. చేప కొనేందుకొచ్చిన."

"కొనేటోళ్లు ధర అడుగుతరు. నువ్వు ఎనక రాసింది జూస్తున్నవు. మున్సిపాల్టోళ్లు పంపిండ్రా?"

హన్మవ్వ గంపలోంచి ఖాళీ డబ్బా తీసింది. "గిది మీ దుకాణందే. గిది తిని మా తమ్ముడు చావుబతుకులకొచ్చిండు."

ముత్యం ముఖం మారింది. డబ్బా చేతిలోకి తీసుకోలేదు. "నా దుకాణందని ఏం సాక్ష్యం? ఊర్ల నాలుగు దుకాణాలున్నయి" అన్నాడు. తర్వాత గొంతు కొంచెం దించాడు. "రోజుకు ఇరవై అమ్ముతనమ్మా. ఎవలికి ఏం గాలే. నేనేం గలుపలే, సీలు డబ్బల నేనెట్ల గలుపుత?"

ఆ మాట హన్మవ్వకు సబబుగానే తోచింది. సీలు వేసిన డబ్బాలో అతను ఏం కలుపుతాడు? కాని ఆమె అరలోంచి తీసిన డబ్బా మీద, సరిగ్గా పేర్లు రాసి ఉండే చోట, ధర చీటీ అంటించి ఉంది. అదే వరసలోని మిగతా వాటి మీద కూడా అక్కడే ఉంది. గోటితో చీటీ మూల గీకింది.

"అది తియ్యకు. ధర పోతది."

"ధర మీద అంటియ్యచ్చు గద, మూత మీద. రాసిన దాని మీదనే ఎందుకంటిచ్చినవు?"

"మాల్ గట్లనే వచ్చింది. బొంబాయిల అంటిచ్చిండ్రు."

చీటీ సగం చిరిగింది. కింద పాము కనిపించింది. పక్కన సున్న, గులేరు కట్టె. హన్మవ్వ కామాలు లెక్క పెట్టింది. ఐదు ఉన్నాయి. ఆ డబ్బాను నెమ్మదిగా అరలో పెట్టింది. బొంబాయిలో అంటించారో ఇక్కడ అంటించారో ఆమెకు ఎన్నటికీ తెలియలేదు.

ముత్యం వెళ్లిపొమ్మనలేదు. అక్కడే నిలబడి ఆమె చేతులను కనిపెట్టి చూస్తున్నాడు. ఆమె కింది అర దాకా వంగింది. దుమ్ము పట్టిన చిన్న డబ్బాలు కొన్ని వెనక్కు పడి ఉన్నాయి. బొమ్మ మీద సన్నటి చేపలు వరసగా పేర్చి ఉన్నాయి. కొంగుతో తుడిచి తిప్పింది. రెండే కామాలు. పాము ఎక్కడో ఒకచోట ఉంది గాని దాని పక్కన సున్న లేదు. మూడుసార్లు చూసింది.

"గివెందుకు కిందికేసినవు?"

"ముల్లుంటదమ్మా దాంట్ల. సన్న చేప. ఎవలు కొంటలేరు. నలభైకి ఇస్త, తీస్కపో."

ఒక డబ్బా మూల సొట్ట పడి ఉంది. సొట్టవి తీసుకోవద్దని మస్కట్‌లో వంటవాళ్లు చెప్పేవారని ఆశన్న ఎప్పుడో అన్నాడు. దాన్ని వదిలి మంచివి రెండు తీసుకుంది. బస్టాండులో ఒక కాలేజీ అమ్మాయిని అడిగి చదివించింది. చేప, నీళ్లు, ఉప్పు అంది ఆ అమ్మాయి. అయినా బోధన్‌లో దిగి మళ్లీ లక్ష్మీరాజం చేత చదివించింది. ఆయనా అదే అన్నాడు.

ఇంటికి పోయి డబ్బాలను విమల ముందు పెట్టింది. తాను వాటిని తెరవనని, ముట్టనని చెప్పింది. దవాఖాన వరండాలో, డాక్టరు ఎదురుగా ఆశన్న తినాలని, తెరిచేది, పెట్టేది విమలే కావాలని అంది. విమల వెంటనే ఒప్పుకోలేదు. డబ్బాను చెవి దగ్గర పెట్టి ఊపింది. సీలు చుట్టూ వేలు పోనిచ్చింది. కన్నమేమన్నా ఉందేమోనని దీపం ముందు పట్టి చూసింది. చివరికి ఆశన్నే అన్నాడు. "పోదాం పా. ఎన్ని దినాలు గిట్ల?"

డాక్టరు సోయా సంగతి విని, దద్దుల గురించి అడిగి, "కావచ్చు" అన్నాడు. ముందు గోరంత పెట్టమన్నాడు. పెట్టాక అరగంట ఆగమన్నాడు. ముగ్గురూ వరండాలో బల్ల మీద కూర్చున్నారు. మధ్యలో ఆశన్న, అటొకరు ఇటొకరు. విమల అతని పెదవుల మీదినుంచి చూపు తిప్పలేదు. హన్మవ్వ గోడ గడియారాన్ని చూసింది. అరగంటకు ఒక ముక్క, ఇంకో అరగంటకు సగం డబ్బా తిన్నాడు. ఏమీ కాలేదు. డాక్టరు ఇంటికి పొమ్మన్నాడు. సోయా ఉన్నదేదీ ముట్టొద్దని చీటీ మీద రాసిచ్చాడు.

బస్సులో హన్మవ్వ చాలా రోజుల తర్వాత కిటికీలోంచి బయటికి చూసింది. చెరకు బండ్లు ఫ్యాక్టరీ వైపు వరసగా పోతున్నాయి. ఇంటి ముందు దిగాక విమల మెల్లగా అంది.

"ఏం కాలే నిజమే వదినె. కాని ఈసారి నువ్వు ముట్టలే గద."

ఆమె మాటలో కోపం లేదు. భయమే ఉంది. హన్మవ్వకు అది అర్థమైంది. ఏ డబ్బా తెచ్చినా, ఎన్నిసార్లు తినిపించినా ఆ భయానికి దొరికే దారి ఒకటి ఉంటూనే ఉంటుంది. ఆశన్న ఆ మాట విన్నాడు. చెప్పులు విప్పి లోపలికి పోయాడు.

మూడు రోజుల తర్వాత హన్మవ్వ చాట, కత్తెర, రెండు చీరలు తీసుకొని బోధన్ పోయింది. రాకాసిపేటలో ఒక అర్ర కిరాయికి తీసుకుంది. ఎవరూ పొమ్మనలేదు. ఉండమని కూడా ఎవరూ అనలేదు.

చైత్రంలో ఒక మధ్యాహ్నం ఆమె వాకిట్లో తునికాకు తడుపుతుంటే విమల వచ్చింది. ఒక్కతే వచ్చింది. ముఖం కడుక్కొమ్మని హన్మవ్వ చెంబు ఇచ్చింది. విమల కడుక్కోలేదు. నేల మీద కూర్చొని, అక్కడున్న కత్తెర తీసుకొని ఆకు కత్తిరించడం మొదలుపెట్టింది. ఒక కట్ట కత్తిరించాక నోరు విప్పింది.

"మా తమ్ముని పెండ్లయింది వదినె, మొన్న."

"తెలుసు. మంచిగైందా?"

"మా అవ్వోళ్లింట్ల వంట. మీల్‌మేకర్ కూర చేసిండ్రు. మటన్ లెక్క మెత్తగ మంచిగుండె. నేనే వడ్డిచ్చిన ఆయినకు. రెండు గరిటెలు పెట్టిన." ఆమె కత్తెర ఆగింది. "మూడో బుక్కకే పెదవులు వాచినయి. గొంతు పట్టుకున్నడు. అందరు గుమిగూడిండ్రు. మా అవ్వ నా దిక్కు సూసింది. ఏం పెట్టినవే ఆయినకు అని అడిగింది. మా అవ్వ, వదినె. నన్ను."

హన్మవ్వ చేతిలోని ఆకులు తడి గుడ్డలో పెట్టి మూసింది. "ఇప్పుడెట్లున్నడు?"

"మంచిగున్నడు. దవాఖానల రెండు దినాలున్నం. డాక్టరు అడిగిండు ఏం తిన్నవని. మీల్‌మేకరని చెప్తె, సోయా తినొద్దని రాసిస్తే మల్ల సోయానే తిన్నవేంది అన్నడు. మీల్‌మేకరంటే సోయా పిండితోనే చేస్తరట. మాకెవలికి తెల్వదు. వండినోళ్లకు గూడ తెల్వదు."

"నాకు గూడ తెల్వదు" అంది హన్మవ్వ.

"నువ్వు చెప్పినవు గద సోయా అని. నేను ఇనలే." విమల కళ్లలోంచి నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. "అందరు నా చేతిదిక్కే సూసిండ్రు వదినె. గప్పుడు నాకు నువ్వు యాదికొచ్చినవు. నువ్వు మూడు నెలలు గట్లనే ఉన్నవు గద మా ఇంట్ల."

హన్మవ్వ లేచి టీ పెట్టింది. రెండు కప్పుల్లో పోసింది. ఒకటి విమల ముందు పెట్టేటప్పుడు తన చెయ్యి ఒక్క క్షణం ఆగడం ఆమెకే తెలిసింది. విమల కప్పు ఎత్తి తాగింది.

"ఇంటికి రా వదినె. రేపే రా. భూమవ్వ ముంగట, అందరి ముంగట నేను చెప్త."

"చెప్పు. నమ్మేటోళ్లు నమ్ముతరు. నేను మాత్రం రాను."

"కోపమున్నదా?"

"కోపం కాదే. మీ ఇంట్ల పొయ్యికాడ కూసున్ననంటే, ఎవలన్న దగ్గినా నా గుండె దడదడ కొట్టుకుంటది. పిల్లలకు జ్వరమొచ్చినా నేనేం వండిన్నని యాది చేసుకుంట. గట్ల బతకలేను." హన్మవ్వ కప్పు కింద పెట్టింది. "ఈడ మంచిగనే ఉన్నది. బీడీల కార్ఖానా దగ్గర. సారోళ్లు దగ్గర. మీరు నిజామాబాద్ పోవాలంటే పోండ్రి. పిల్లలను సదివియ్యిండ్రి. నేను వద్దన్న గని, గది నా భయం."

విమల సాయంత్రం బస్సు దాకా ఉండి, ఒక దినానికి సరిపడా ఆకంతా కత్తిరించి పెట్టింది.

ఆమె ఊళ్లో చెప్పింది. బోరింగ్ దగ్గర, కిరాణా దుకాణం దగ్గర, భూమవ్వ వాకిట్లో. కొందరు నమ్మారు. కొందరు, మనం పండించే గింజకు మనిషి చస్తాడా అని నవ్వారు. నది అవతలివాడు తీసిన ముద్ద మాటేమిటని భూమవ్వ అడిగింది.

తర్వాతి అంగడి రోజు ఆశన్న బోధన్ వచ్చాడు. వాకిట్లో సైకిలు ఆపి, లోపలికి రాకుండా గడప దగ్గరే నిలబడ్డాడు. హన్మవ్వ డబ్బాలోని సన్న చేపను ముల్లు తీసి, ఉల్లిగడ్డ వేసి వండుతూ ఉంది. అతను వస్తాడని విమల ముందే కబురు పంపింది.

"అక్కా, గా దినం నువ్వు అడిగినప్పుడు నేను మాట్లాడాల్సుండె."

ఆమె గరిటె తిప్పుతూనే ఉంది. "ఔ తమ్మీ. మాట్లాడాల్సుండె" అంది.

ఆమె పొయ్యి మీదినుంచి గిన్నె దించి, కంచాలు రెండు తీసింది.

"కాళ్లు కడుక్కో. అన్నం సల్లారిపోతది."